ఓబులమ్మ ఆవులింత

బెంగళూరు కాడుగోడి స్టేషన్ వెనకాల వరస ఇళ్ళల్లో, పాలప్యాకెట్ల కంటే ముందు ఓబులమ్మ గడప దగ్గరికి దిష్టి వచ్చేది. రాత్రంతా ఏడ్చిన బిడ్డను భుజాన వేసుకుని ఒకామె. కొత్త బండి కొన్న వారానికే పడి మోకాలు చీరుకున్న పీజీ హాస్టలు కుర్రాడు. "ఎంత బాగుండాయే కమ్మలు" అని ఎవరో అన్న రోజు నుంచీ అన్నం సయించని కొత్త కోడలు. అందరూ చెప్పులు బయట విడిచి, తూర్పు మొహంగా కూర్చుని కళ్ళు మూసుకునేవాళ్ళు. ఓబులమ్మ పొయ్యి మీది టీని సన్నసెగకు పెట్టి, గుప్పెట్లో రాళ్ళుప్పు తీసుకుని, వాళ్ళ వెనకాలకు వచ్చి నిలబడేది.

తల చుట్టూ ఉప్పు తిప్పుతూ, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని గొణుక్కుంటూ ఉండగానే ఆవులింత వచ్చేది. దిష్టి తీసేటప్పుడు ఆవులింతలు ఏ ఆడదానికైనా వస్తాయి. గట్టి దిష్టి అయితే కళ్ళల్లో నీళ్ళు కూడా తిరుగుతాయి. ఓబులమ్మది ఆ బాపతు కాదు. ఆమె ఆవులింత అరికాళ్ళలో మొదలయ్యేది. పిక్కల మీదుగా నడుముకెక్కి, వెన్నంతా లాక్కుంటూ వచ్చి దవడల దగ్గర తెరుచుకునేది. అది అయ్యేలోపల బిడ్డ ఏడుపు ఆపేది. పక్కింటి కుక్కర్ కూత సగంలో నీరసించేది. గడియ వేసిన తలుపు దానంతటదే తెరుచుకునేది, కట్టిన ముడి వదులయ్యేది. ఎదురింటి కమలమ్మ ఆ వేళప్పుడు బట్టలతాడుకు ఇంకో ముడి వేసుకునేది, అంతే. దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కారు. కుళాయిలో నీళ్ళు ఎప్పుడు వస్తాయో తెలిసినట్టే వాళ్ళకు అదీ తెలుసు.

వచ్చినవాళ్ళు తేలికగా లేచి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ బరువు మాత్రం ఎక్కడికీ పోయేది కాదు, ఓబులమ్మ మోకాళ్ళలోకి దిగేది. ఆమె ఆ ఉప్పును నీళ్ళల్లో కరిగించి కాలవలో పారబోసి, అంతసేపూ కాగి చేదెక్కిన టీ తాగి, రాగిసంగటికి ఎసరు పెట్టేది.

ఈ ఆవులింత ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది కాదు. అత్త గంగులమ్మ ఇచ్చింది. కదిరి దగ్గర పల్లెలో పెండ్లి. పెండ్లికొడుకుతో సహా జనమంతా తలలెత్తి అరుంధతిని వెతుకుతుంటే, గంగులమ్మ కోడలి మొహానికి మొహం పెట్టి ఇంత నోరు తెరిచి ఆవులించింది. తెల్లవారుజాము నుంచీ పీటల మీద కూర్చున్న పిల్ల. ఎదురుగా ఒకరు ఆవులిస్తే ఆపుకోవడం ఎవరి తరం? తానూ ఆవులించింది. అంతటితో అది అంటుకుంది. గంగులమ్మ పందిట్లోనే, వంటపాత్రల మధ్య ఒరిగి నిద్రపోయింది. రెండు రోజులు లేవలేదట. ఎవరూ లేపలేదట కూడా. ఆ తర్వాత ఆమె ఒళ్ళు చేసి, నవ్వడం నేర్చుకుని, హాయిగా బతికి పోయింది.

ఎందుకంటే ఆవులింత ఉన్న మనిషికి నిద్ర ఉండదు. కునుకు ఉంటుంది, రెప్ప మూసుకోవడం ఉంటుంది, నిద్ర మాత్రం ఉండదు. నిద్ర సుఖమెరగదంటారు. ఆ మాట అన్నవాళ్ళకు నిద్ర పట్టేది కాబట్టి అన్నారు. ఓబులమ్మకు మెత్తటి పరుపు వద్దు, చల్లటి గాలి వద్దు, సిమెంటు మూటల మీదైనా సరే, ఒక్క పూట ఒళ్ళెరగకుండా పడుకుంటే చాలనిపించేది.

పరాయివాళ్ళకు అది అంటదు. ఆ ఇంటి ఉప్పు తిన్నవాళ్ళకే అంటుతుంది. పెండ్లినాడు గంగులమ్మ కూడా కోడలికి అత్తింటి ముద్ద తినిపించాకే ఆవులించింది. అందుకని, పెండ్లయిన కొత్తల్లో సిగ్గుకు కొంగు చాటున ఆవులించిన ఓబులమ్మ, కూతురు వనజ పుట్టిన నాటి నుంచీ ఇంట్లో ఆవులింత వచ్చినప్పుడల్లా గోడ వైపు తిరిగేది. కొంగు అడ్డం పెట్టుకుని, గోడకు ముక్కు ఆనించి ఆవులించేది. "గోడతో ఏం మాట్లాడతాండావు మా?" అని అడిగేది చిన్నప్పుడు వనజ. "గోడకు దిష్టి తగిలింది పాపా" అనేది తల్లి. వాళ్ళ గుడిసెలైనా, షెడ్లైనా, ఇప్పటి అద్దె గది అయినా, పొయ్యి పక్క గోడ మీద ఆమె నోటి ఎత్తున ఒక చెమ్మమరక ఎప్పుడూ ఉండేది.

ఇక ఆమె మొగుడు హనుమంతు. ఆ ఇంట్లో ఆడవాళ్ళది ఉప్పు అయితే మగవాళ్ళది గుమ్మడికాయ. బూడిద గుమ్మడికాయను ఆడది కొట్టకూడదు. కొట్టడం అటుంచి, కూరకైనా కోయకూడదు. మగవాడు మొదటి గాటు పెట్టాకే ఆమె కత్తి తాకాలి. హనుమంతు ఇంట్లో లేని రోజు ఓబులమ్మ కాయను చంకనబెట్టుకుని వీధిలోకి పోయి, ఏ ఆటో అతన్నో ఆపి, "రవ్వంత గాటు పెట్టప్పా" అని అడిగి తెచ్చుకునేది. తరిగేది, తాలింపు పెట్టేది, వడ్డించేది ఆమె. గాటు మాత్రం మగవాడిది.

వాళ్ళు బెంగళూరికి ఇటుకలు మోయడానికి వచ్చారు. సారవ కర్రల మీద నుంచి పడి హనుమంతు నడుము దెబ్బతిన్న ఏడాది, మేస్త్రీ నాగరాజ్ అడిగితే ఒక సైట్లో అమావాస్య దిష్టికాయ కొట్టాడు. అప్పటిదాకా కాయ కొట్టినా కొట్టకపోయినా ఆ సైట్లో ఏదో ఒకటి కూలుతూనే ఉండేది. హనుమంతు కొట్టిన నాటి నుంచీ ఆగిపోయింది. మాట పాకింది. వర్తూరు నుంచి హోప్‌ఫారం దాకా లేచిన మేడలన్నిటికీ అతనే కావాల్సి వచ్చాడు. నుదుట ఇంత బొట్టు, మెడలో రుద్రాక్షలు, పసుపు పంచె. నిన్నటి హనుమంతు హనుమంత స్వామి అయ్యాడు.

అతను కాయ మీద కర్పూరం వెలిగించి తిప్పుతాడు. పది బారల వెనకాల, ఇసక కుప్ప పక్కనో నీళ్ళ డ్రమ్ము పక్కనో ఓబులమ్మ నిలబడి ఆవులిస్తుంది. ఆమె ఆవులించినప్పుడు కాయ పగులుతుంది. సరిగ్గా ఆ వేళకు అతను దాన్ని నేలకేసి కొడతాడు. పగిలేది ఎందుకో సైట్లో ఇటుకలు మోసే ఆడవాళ్ళందరికీ తెలుసు. మగవాళ్ళకూ తెలిసే ఉంటుంది. కానీ శాలువా అతని భుజానికే కప్పేవాళ్ళు. "అమ్మకు టీ ఇయ్యప్పా" అనేవాళ్ళు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా?

కాయ కొట్టేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. అది వాళ్ళ తాతల నాటి కట్టుబాటు. కొట్టి, నేరుగా నడిచి వెళ్ళిపోవాలి. అందువల్ల ఇన్నేళ్ళలో హనుమంతు తన పెండ్లాం ఆవులించడం ఒక్కసారి కూడా చూడలేదు. సైట్లో ఆమె వెనకాల ఉండేది, ఇంట్లో గోడ వైపు తిరిగేది.

వనజ చదువు అయిన ఏడు ఎండాకాలం నుంచీ ఓబులమ్మ ఆవులింత సగంలో ఆగిపోవడం మొదలైంది. నడుము దాకా వచ్చి నిలబడేది. దవడ తెరుచుకునేది, లోపలి గాలి బయటికి రాదు, బయటిది లోపలికి పోదు. తుమ్ము వచ్చి ఆగిపోయినట్టు, కానీ ఒళ్ళంతా. బిడ్డల ఏడుపు ఒక పట్టాన ఆగేది కాదు. ఒకరోజు హనుమంతు పని నుంచి వచ్చి, రుద్రాక్షలు తీసి కొక్కేనికి తగిలించి, గడప మీద కూర్చున్నాడు.

"కాయ రెండోతూరి కొడితే గానీ పగల్లేదు" అన్నాడు. "నాగరాజ్ మొకం తిప్పుకున్యాడు."

"నాకు నిండుగా రావడంల్యా అప్పా. సగంలోనే నిలబడిపోతాండాది."

"నోరు తెరిచేదానికి అలుపేముండాది? ఆవులింతే కదా. అందరికీ వస్తాది."

ఓబులమ్మ సంగటి కెలుకుతూ ఉంది. కెలకడం ఆపలేదు. "అలుపు నోటికి కాదులేప్పా" అంది.

అతను చెడ్డవాడని కాదు. పట్టిన నడుముతో మళ్ళీ ఇటుకలు మోయలేడు. స్వామీ అని పిలిపించుకున్నాక, ఏయ్ హనుమంతూ అని పిలిస్తే తలెత్తలేడు. అతని భయం అదే. గొంతు తగ్గించి, "వనజకు ఇచ్చేయరాదా" అన్నాడు.

తెడ్డు ఆగింది.

"ఆడపిల్లకు ఇయ్యగూడదని మీయమ్మే చెప్పె. ఇంకో ఇంటికి పోతాది, ఇంటి సొత్తు ఇల్లు దాటగూడదని."

"ఇల్లరికం తెచ్చుకుందాము."

కట్టుబాటు అనేది గొడుగులాంటిది, పట్టుకున్నవాడు ఎండ ఎటుంటే అటు తిప్పుకుంటాడు. ఓబులమ్మకు అది కొత్తగా తెలిసింది కాదు.

"ఆ పిల్ల రైలు నడపబోతాండాదప్పా. రైలు నడిపే మనిషి ఆవులించగూడదు."

"రైలు ఎవురైనా నడుపుతారు. ఇది మన ఇంటోళ్ళు తప్ప ఎవురూ చెయ్యలేరు" అన్నాడు హనుమంతు. అని, చేతులు కడుక్కోవడానికి లేచాడు.

వనజ కరెంటు డిప్లొమా చదివింది. మెట్రోలో బండి నడిపే పనికి ఎంపికైంది. అమావాస్య దాటాక ట్రైనింగు. ఆ కబురు వచ్చిన రోజు తల్లిని స్టేషన్ మెట్ల దాకా తీసుకుపోయి, పైన ఆగి ఉన్న బండిని చూపించింది. "ముందర అద్దం కనబడతాందే, ఆ వెనకాల కూసుంటా మా. తలుపులన్నీ నేను తెరిస్తేనే తెరుచుకుంటాయి." ఓబులమ్మ తలెత్తి చాలాసేపు చూసింది. తన ఆవులింతకు తెరుచుకున్న తలుపులు తప్ప, ఒక మీట నొక్కి, తనకు కావాలని, ఒక ఆడది ఇన్ని తలుపులు తెరవడం ఆమె ఎరగదు. "అక్కడ కునికితే ఇంటికి పంపిస్తారంట" అని నవ్వింది వనజ. ఓబులమ్మ నవ్వలేదు. ఆ వారమంతా గోడకు మరింత దగ్గరగా తిరిగి ఆవులించింది.

అమావాస్య నాడు బ్రూక్‌ఫీల్డ్‌లో పని. పెద్ద అపార్ట్‌మెంటు. లిఫ్టులు మాటిమాటికీ ఆగిపోతున్నాయట, బోరు ఎండిందట, కాపురమున్నవాళ్ళల్లో ఎవరో ఒకరు ఎప్పుడూ కట్టుతోనే తిరుగుతున్నారట. సాయంత్రం ముగ్గురూ బస్సెక్కారు. వనజ ఎందుకు వస్తోందని ఓబులమ్మ అడిగితే, "నీకు కాళ్ళు వణుకుతాండాయి, తోడుంటాది" అన్నాడు హనుమంతు. ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి తనకొక్కడికే తీసుకుని, కాయను ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. కాయకు అర టికెట్టు కొట్టమంటారా అని కండక్టరు కన్నడంలో ఎగతాళి చేశాడు. తల్లీకూతుళ్ళు ముందర ఆడవాళ్ళ సీట్లలో కూర్చున్నారు.

కొంతదూరం పోయాక వనజ తల్లి చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. "నాయన చెప్పినాడు మా."

"ఏమని?"

"నేను తీసుకుంటే నీకు నిద్దర పడతాదని."

ఓబులమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఒళ్ళో గుమ్మడికాయతో ఉన్న హనుమంతు ఆమె ఏమీ అనకముందే భుజాల మీది తువ్వాలు సర్దుకుని కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"మరి రైలు?" అంది ఓబులమ్మ కూతురితో.

"ఇంకేదన్నా చూసుకుంటా. ఇంట్లో నిన్ను ఇట్ల చూసి పోయి, యాడ కూసోని నడిపేది? నా చిన్నప్పటి నుంచి నువ్వు పండుకున్యది నేను చూసిందే ల్యా."

"నోరు మూసుకోని కూసో."

"నిజం చెప్పు మా. నీకు ఇచ్చేయాలని ల్యాదా?"

ఓబులమ్మ చేయి వెనక్కి లాక్కుంది. ఉంది కాబట్టి లాక్కుంది.

అపార్ట్‌మెంటు సెక్రటరీ భుజంగరావుది గుంటూరు వైపు. గేటు దాకా ఎదురొచ్చాడు. "రండి స్వామీ, రండి. మీ కోసమే చూస్తున్నాం. పొద్దుట్నుంచీ లిఫ్టులన్నీ పైనే ఇరుక్కుపోయాయండీ, పెద్దవాళ్ళు దిగలేక నానా అవస్థ పడుతున్నారు." వెనకాల ఉన్న ఇద్దర్నీ చూసి కాస్త ఇబ్బందిపడ్డాడు. "అమ్మా, గుమ్మడికాయ కదా, ఆడవాళ్ళు ఎదురుగా ఉండకూడదంటున్నారు మావాళ్ళు. ఆ జనరేటర్ గది పక్కన నిలబడండి. టీ పంపిస్తాను."

జనరేటర్ గది పక్కన నిలబడీ నిలబడగానే ఓబులమ్మకు ఆ మేడ దిష్టి తెలిసింది. ఎదురు రోడ్డు మీద ట్రాఫిక్కులో ఇరుక్కున్న ప్రతివాడూ తలెత్తి ఆ అద్దాల బాల్కనీలు చూసి, ఉసూరుమని తల దించుకుంటాడు. రోజూ, పొద్దునా సాయంత్రం, ఊరంతా. అన్ని కళ్ళూ ఆ మేడకు దుమ్ముపట్టినట్టు పట్టి ఉన్నాయి. హనుమంతు కాయ మీద కర్పూరం వెలిగించగానే అదంతా కదిలింది. ఓబులమ్మ అరికాళ్ళు బరువెక్కాయి. ఎండాకాలం తర్వాత మొదటిసారి, ఆవులింత సగంలో ఆగేలా లేదు. నిండుగా, ఇంతకు ముందెన్నడూ రానంత పెద్దగా, పిక్కలెక్కి వస్తోంది.

వనజ వచ్చి ఎదురుగా నిలబడింది.

"అటు తిరుగు" అంది ఓబులమ్మ.

"తిరగను."

"పాపా, నీకు మొక్కుతా. అటు తిరుగు."

వనజ తల్లి గడ్డం రెండు చేతుల్లోకి తీసుకుంది, చిన్నపిల్లకు అన్నం పెట్టేటప్పుడు పట్టుకున్నట్టు. "ఆవులించు మా. నేను చూస్తాండా. నువ్వు పండుకో. ఇంక చాలు." పిల్ల కళ్ళనిండా నీళ్ళు. ఆ కళ్ళ కింద ఇప్పుడు నలుపు లేదు. ఉండబోతుంది.

ఓబులమ్మ కొంగు ముద్ద చేసి నోట్లో కుక్కుకుంది. ఆవులింత నడుముకెక్కింది. పళ్ళు బిగించింది. అటు హనుమంతు కాయను తలపైకెత్తి నేలకేసి కొట్టాడు. అది థప్పుమని పడి, పిల్లలాడుకునే బంతిలాగా కాస్త ఎగిరి, దొర్లుకుంటూ పోయి ఒక కారు చక్రానికి ఆనుకుంది. చుట్టూ ఫోన్లు పట్టుకున్న జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాచ్‌మన్ కాయ తెచ్చి ఇచ్చాడు. హనుమంతు మళ్ళీ కొట్టాడు. నేల మీది టైలు పగిలింది, కాయ పగల్లేదు.

ఆవులింత వెన్ను మీదుగా మెడ దాకా వచ్చింది. ఓబులమ్మకు కళ్ళు మసకలు కమ్మాయి. వనజ మొహం ఒక్కటే కనిపిస్తోంది. ఒక్క క్షణం, ఇచ్చేద్దాం అనిపించింది. దాచాల్సిన పని లేదు, అలాగే అనిపించింది. అత్త వంటపాత్రల మధ్య ఒరిగి నిద్రపోయిన తీరు గుర్తొచ్చింది. ఆనాడు తాను ఏడ్చిన సంగతి కూడా గుర్తొచ్చింది. అంత మంది ఆడవాళ్ళలో ఒక్కరూ ఎందుకేడుస్తున్నావని అడగలేదు.

అప్పుడు హనుమంతు వెనక్కి తిరిగాడు.

అతని నాయన తిరగలేదు, తాత తిరగలేదు. పగలని కాయను చంకలో ఇరికించుకుని, జనాన్ని తోసుకుంటూ జనరేటర్ గది వైపు వచ్చాడు. "ఏమే! ఏం చేస్తాండావు ఈడ? మానం పోతాండాది ఆడ నాకు!"

పని మీద ఉన్న మొగుడి మొహం ఓబులమ్మ అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. పసుపు చెమటకు కారి చారలు కట్టింది. గడ్డం వణుకుతోంది. కోపం అనుకుంది గానీ, అది కోపం కాదు. బెదిరిన మొహం అది. ఈ మనిషి కూడా నా ఇంటి ఉప్పే తిన్నాడు కదా అని ఆమెకు తోచింది. నేను వండిన ప్రతి ముద్దలోనూ తిన్నాడు. ఇన్నేళ్ళూ ఈ సంగతి అత్తకు గానీ, అత్త అత్తకు గానీ, తనకు గానీ ఎందుకు తట్టలేదో.

ఎడమచేత్తో వనజ తలను పట్టుకుని తన భుజంలోకి అదిమేసుకుంది. ఊపిరాడనంత గట్టిగా అదిమింది. కుడిచేత్తో నోట్లోంచి కొంగు లాగేసింది. హనుమంతు మొహంలోకి సూటిగా చూసి ఆవులించింది.

పెండ్లయిన నాటి నుంచీ దిగిన బరువంతా అందులో ఉంది. జనరేటర్ గది తాళం ఊడి కింద పడింది. వాచ్‌మన్ బెల్టు వదులైంది. హనుమంతు చూపు తిప్పుకోలేకపోయాడు. చూస్తూ చూస్తూ ఉండగా అతని పైపెదవి అదిరింది. దవడ బిగబట్టాడు, ముక్కుపుటాలు ఉబ్బాయి, కళ్ళు పెద్దవయ్యాయి. ఎదురుగా ఒకరు ఆవులిస్తే ఆపుకోవడం ఎవరి తరం? నోరు తెరిచాడు.

అతని చంకలోనే కాయ నిలువునా పగిలింది. లోపల పోసిన కుంకుమ నీళ్ళు పసుపు పంచె మీదుగా పాదాల దాకా కారాయి. పైన ఎక్కడో గరగరమని చప్పుడై, లిఫ్టులన్నీ పై అంతస్తుల్లో ఎదురుచూస్తున్నవాళ్ళను ఎక్కించుకుని ఒకదాని వెనక ఒకటి కిందికి దిగి, తలుపులు బార్లా తెరుచుకుని నిలబడ్డాయి. లోపలి నుంచి ముసలివాళ్ళు కర్రలతో మెల్లగా బయటికి వచ్చారు.

"ఆవేశం! స్వామికి ఆవేశం వచ్చింది!" అని భుజంగరావు కేక పెట్టాడు. మగవాళ్ళతో పాటు, అంతదాకా దూరంగా ఉన్న ఆడవాళ్ళూ వచ్చి చేతులు జోడించారు. ఒకావిడ హనుమంతు కాళ్ళ మీద పడింది. ఓబులమ్మ జీవితమంతా ఆవులిస్తే అది ఆవులింతే అయింది. అతను ఒక్కసారి నోరు తెరిస్తే ఆవేశం అయింది. శాలువా అతనికే కప్పారు. అతను కన్నీళ్ళు కారుస్తూ, శాలువా కిందనుంచి మళ్ళీ ఆవులించాడు.

ఓబులమ్మకు టీ వచ్చింది. తాగలేదు. గోడకు జారగిలబడి, అప్పటికే నిద్రపోతూ ఉంది.

ఆమెను బస్సులోకి ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని ఎక్కించారు. ఆ రాత్రీ, మరునాడూ, ఆ పై నాడూ పడుకునే ఉంది. వీధిలో టాంకరు వచ్చి బిందెల కొట్లాట జరిగినా కదల్లేదు. కమలమ్మ వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. వనజ ట్రైనింగుకు పోతూ తల్లి పాదాలు తాకింది. తెలియలేదు.

పొద్దున దిష్టి మాత్రం మామూలుగానే వచ్చింది. బిడ్డను ఎత్తుకుని వచ్చినామె గడపలో హనుమంతును చూసి ఆగిపోయింది. "మొగోళ్ళు దిష్టి తీసేదేందప్పా?" అంది. అతను గుప్పెట్లో ఉప్పు పట్టుకుని నిలబడ్డాడు. బిడ్డ గుక్కపట్టింది. ఆమె అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి, తూర్పు మొహంగా కూర్చుంది. నాలుగు రోజులు నవ్వుకున్నారు వీధిలో. ఆ తర్వాత నవ్వడానికి అందులో ఏమీ లేకపోయింది. అతను తిప్పేవాడు, ఆవులించేవాడు, కుక్కర్లు నీరసించేవి, బట్టలతాళ్ళు వదులయ్యేవి. సగం పనికే గడప పట్టుకుని కూలబడేవాడు.

తర్వాతి అమావాస్యకు అతనికి ఒక చిక్కు వచ్చింది. ఆవులిస్తూ కాయను తలపైకెత్తడం కుదరదు. "ఇంక కాయ ఎవురు కొట్టాల?" అని దిగులుగా అడిగాడు.

బూట్లు తుడుచుకుంటున్న వనజ తలెత్తకుండానే, "కొట్టేదేముండాది నాయనా. కింద పెట్టు. నువ్వు ఆవులిస్తే అదే పగులుతాది" అంది. హనుమంతు కాయను తీసి మెల్లగా నేల మీద పెట్టి, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఓబులమ్మ ఇప్పుడు మధ్యాహ్నాలు కూడా పడుకుంటుంది. ఒకరోజు అలాగే, తలుపుకు అడ్డంగా చాప వేసుకుని పడుకుంది. మెలకువ వచ్చేసరికి ఎండ వాలింది. హనుమంతు గడప మీద మోకాళ్ళు నిమురుకుంటూ కూర్చుని ఉన్నాడు. మొహం పీక్కుపోయింది. ఆమె కళ్ళు తెరవడం చూసి, ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకున్నట్టు అడిగాడు.

"ఇన్నేండ్లూ ఇట్లనే ఉండిందా నీకు?"

ఓబులమ్మ ఆలోచించింది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. చెప్పే ఓపిక ఉంది గానీ, అవసరం కనిపించలేదు.

"ఉప్పు తిప్పేటప్పుడు కూసోని తిప్పప్పా. నిలబడితే మోకాళ్ళకు దిగుతాది" అంది.

అతను తలూపాడు. వీధి మొదట్లో బూట్ల చప్పుడు వినిపించింది. డ్యూటీ డ్రెస్సులో, భుజాన బ్యాగుతో వనజ వస్తోంది. ఆ రోజు మొదటిసారి బండి తనే నడిపిందట, ఆ సంబరం అంత దూరం నుంచే నడకలో తెలుస్తోంది. "నాయనా!" అని కేకేసింది.

సరిగ్గా అప్పుడే హనుమంతుకు అరికాళ్ళ నుంచి లేచింది. దవడ తెరుచుకోబోయింది. అతను గడప మీద నుంచి గబుక్కున లేచాడు. లేవలేక గోడ పట్టుకుని లేచాడు. ఎవరూ చెప్పలేదు అతనికి. పొయ్యి పక్కకు పోయి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ చెమ్మమరకకు ముక్కు ఆనించి, గోడ వైపు తిరిగి ఆవులించాడు.

ఓబులమ్మ పడుకునే అది చూసింది. చూసి, పక్కకు ఒత్తిగిల్లి, మళ్ళీ నిద్రపోయింది.